బాలబాలికలను బడిలో వేరు చేయుట మేలా?



మన పిల్లలు ప్రాథమిక పాఠశాలలో ఒకే గదిలో కూర్చుండి అక్షరములు దిద్దుకొందురు. ఆడపిల్ల, మగపిల్లవాడు అను భేదము అచట కానరాదు. ప్రాథమిక విద్య ముగిసిన పిమ్మట మాత్రము మన మారిషస్ ద్వీపమున వారి దారులు చీలును. ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలలలో అనేకము బాలురకు వేరుగను, బాలికలకు వేరుగను ఏర్పడి యున్నవి. తొమ్మిదేండ్ల విద్యా సంస్కరణలో భాగముగా కొన్ని పేరొందిన కళాశాలలను అకాడమీలుగా మార్చి, ఉభయులను కలిపి చేర్చుకొనుటకు నిర్ణయించినప్పుడు మన కుటుంబములలో చర్చలు మిక్కుటముగా సాగినవి. కలిపి చదివించినచో పిల్లలు చెడిపోవుదురని కొందరును, విడదీసి పెంచినచో వారికి లోకజ్ఞానము కలుగదని కొందరును వాదించిరి. ఇరుపక్షములవారును పిల్లల మేలు కోరినవారే. కావున ఈ విషయమును కోపతాపములు లేక విచారించుట మంచిదని తలచి మేము ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఇది ఊరక కాలక్షేపమునకు చేయు వాదము కాదు. కుమార్తెకు మంచి మార్కులు వచ్చినను, ఆమె కోరిన చదువు మగపిల్లలు కూడ చదువు చోట నున్నదని వెనుకాడు తలిదండ్రులు మనలో ఇప్పటికిని లేకపోలేదు. కుమారుడు పదునెనిమిదేండ్ల వాడయ్యును, తోడబుట్టినది కాని ఆడపిల్లతో మర్యాదగా నాలుగు మాటలాడ నేర్వకుండుటయు మనము చూచుచున్నదే. ఒకచోట చదువు ఆగిపోవుచున్నది. మరియొకచోట సంస్కారము కుంటువడుచున్నది. ఈ రెండు నష్టములును మన ఇండ్లలోనివే.

మొదట మన పెద్దల చరిత్రను స్మరింతము. కోరంగి రేవు పేరు నేటికిని మన వారి యందు నిలిచి యున్నది. ఆ తీరమునుండి ఓడలెక్కి వచ్చిన మన తాతముత్తాతలు చెరకు తోటలలో ఒడంబడిక కూలీలుగా పని చేసిరి. తోటలో స్త్రీయు పనిచేసెను, పురుషుడును పనిచేసెను. ఎండ ఇద్దరికిని ఒకటియే, వాన ఇద్దరికిని ఒకటియే. కూలి పనికి అడ్డురాని స్త్రీత్వము చదువు దగ్గరకు వచ్చుసరికి ఎట్లు అడ్డమైనదో ఆలోచింపవలసి యున్నది. 1901లో గాంధీ మహాత్ముడు దక్షిణాఫ్రికా నుండి స్వదేశమునకు పోవుచు మన ద్వీపమున కొన్ని దినములు నిలిచి, బిడ్డలకు చదువు చెప్పించుడని మన వారికి హితవు పలికెను. తరువాత బైఠకాలలో దీపము వెలుతురున పెద్దలు పిల్లలకు అక్షరములు నేర్పిరి. ఐనను మాధ్యమిక విద్యకు రుసుము చెల్లింపవలసిన దినములలో, ఉన్న కొద్దిపాటి ధనము కుమారుని చదువునకే పోయెడిది. 1977లో మాధ్యమిక విద్య ఉచితమైన పిమ్మటనే మన ఆడుబిడ్డలు పెద్ద సంఖ్యలో ఆ గడప దాటగలిగిరి. ఆడపిల్లల చదువును అంతకాలము ఆపినది వారి తెలివి తక్కువ కాదు. మన చేతి పేదరికము, మన మనసులోని తారతమ్యము.

శాస్త్రము ఒప్పుకొనదేమో యని శంకించు వారికి రెండు మాటలు. జనక మహారాజు సభలో యాజ్ఞవల్క్యుని ఎదుట నిలిచి ప్రశ్నించిన గార్గి కథ బృహదారణ్యకోపనిషత్తు నందున్నది. అది స్త్రీల కొరకు వేరుగా కూర్చిన సభ కాదు. పండితులందరును కూడిన సభ. భవభూతి మహాకవి ఉత్తరరామచరితమున ఆత్రేయి యను స్త్రీని చూపినాడు. ఆమె వాల్మీకి ఆశ్రమమున కుశలవుల చెంత చదువ నారంభించి, వారి బుద్ధి వేగమును అందుకొనలేక, వేదాంతము నభ్యసించుటకై దండకారణ్యమునకు బయలుదేరినది. ఆ కవియే మాలతీమాధవమున కామందకియు, ఇద్దరు మంత్రులును పూర్వము సహాధ్యాయులని చెప్పినాడు. నాటకము చరిత్ర కాదన్నది నిజమే. ఐనను బాలురతో బాలిక చదువుట ఆ మహాకవికి తప్పుగా తోచలేదు, చూచువారికి తప్పుగా తోచునని ఆయన శంకింపనులేదు. ఇంతమాత్రము మనకు చాలును.

అట్లయినచో ఆడపిల్లలకు వేరు బడులు పెట్టిన పెద్దలందరు పొరబడిరా? కాదు. ఇచటనే మనము నిదానించి చూడవలెను. 1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికల కొరకు పాఠశాల నెలకొల్పిరి. ఆడపిల్ల బడికి పోవుటయే వింతగా నుండిన దినములవి. వేరు బడి లేనిచో చాలమంది బాలికలకు అసలు బడియే లేదు. ఆనాడు ఆ నాలుగు గోడలు ఆడపిల్లను బంధించినవి కావు. ఆమెను ఇల్లు దాటించినవి. రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు బాల్యముననే కాకినాడలో స్త్రీలకు హిందీ నేర్పు పాఠశాల నడపిరి. పిమ్మట మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించిరి. 1958లో భారత ప్రభుత్వము స్త్రీ విద్యను గూర్చి నియమించిన జాతీయ సంఘమునకు ఆమెయే అధ్యక్షురాలు. ఆ కృషికి కొనసాగింపుగా ఏర్పడిన జాతీయ మండలి, హంసా మెహతా గారి అధ్యక్షతన మరియొక సంఘమును నియమించినది. బాలురకొక చదువు, బాలికలకొక చదువు అను భేదము పాఠ్యక్రమమున ఉండరాదని ఆ సంఘము 1960వ దశకపు తొలి ఏండ్లలో తేల్చి చెప్పినది. తిరుపతిలో 1983లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయము వెలసినది. దాని వలన మేలు పొందిన కుటుంబములు తెలుగు నాట అనేకము.

కావున వేరు బడి మంచిదా, కలసిన బడి మంచిదా అని ఒక్క మాటలో తీర్పు చెప్పుట సాధ్యము కాదు. ఆ ఏర్పాటు ఎవరికి దారి చూపుచున్నది, ఎవరికి దారి మూయుచున్నది అని అడుగవలెను. ఈ ప్రశ్నకు చక్కని ఉదాహరణము అమెరికా దేశమున న్యూజెర్సీ రాష్ట్రములోని పిస్కాటవే పట్టణమున లభించుచున్నది. ఆ పట్టణము మన తెలుగువారికి కొత్తది కాదు. పిస్కాటవే, దాని ప్రక్కనున్న ఎడిసన్ పట్టణములలో తెలుగు కుటుంబములు అనేకము నివసించుచున్నవి; సమీపముననే బ్రిడ్జ్‌వాటరున వేంకటేశ్వరుని ఆలయము కలదు. రట్గర్స్ విశ్వవిద్యాలయపు విద్యాలయములలో కొన్ని పిస్కాటవేలోను, కొన్ని రారిటన్ నదికి ఆవలి ఒడ్డున న్యూ బ్రన్స్విక్ నగరములోను ఉన్నవి.

ఆ విశ్వవిద్యాలయము 1766లో క్వీన్స్ కాలేజీ అను పేర స్థాపింపబడినది. దాని ప్రధాన కళాశాల రెండు వందల ఏండ్లకు పైగా పురుషులకే పరిమితమై యుండెను. ఆ రాష్ట్రపు మహిళా సంఘములవారు తమ ఆడుబిడ్డలకును కళాశాల కావలెనని పట్టుబట్టిరి. మేబెల్ స్మిత్ డగ్లస్ అను విదుషీమణి ఆ ఉద్యమమునకు నాయకత్వము వహించి, తలకొక డాలరు చందా వసూలు చేయు ప్రయత్నమును నడపినది. మన దేవాలయములు కూడ ఇట్టి చిల్లర చందాలతోనే వెలసినవి గదా! తుదకు 1918లో న్యూ బ్రన్స్విక్ నందు స్త్రీలకొక వేరు కళాశాల తెరువబడినది. మొదటి ఏడు చేరినవారు 54 మంది మాత్రమే. 1955లో ఆ కళాశాలకు డగ్లస్ గారి పేరు పెట్టిరి. పురుషుల కళాశాల స్త్రీలను రానీయని కాలమున, ఆ వేరు కళాశాలయే వేలమంది స్త్రీలను పట్టభద్రులను చేసినది. ధవళేశ్వరపు బడికిని, ఈ కళాశాలకును దేశము వేరైనను ధర్మమొక్కటే.

కాలము మారినది. పిస్కాటవేలో రెండవ ప్రపంచ యుద్ధకాలమున సైనికుల శిబిరముగా నుండిన కిల్మర్ క్యాంపు భూములలో, 1969లో లివింగ్‌స్టన్ కళాశాల తెరువబడినది. రట్గర్స్ నందు మొదటినుండియు స్త్రీపురుషులను కలిపి చేర్చుకొన్న మొదటి సామాన్య కళాశాల అదియే. అదే ఏడు సమీపముననున్న ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయము సైతము పట్టభద్ర తరగతులకు స్త్రీలను చేర్చుకొనెను. 1972లో రట్గర్స్ పురుషుల కళాశాలయు తన తలుపులు తెరచినది. స్త్రీలు వచ్చినచో విద్యా ప్రమాణము పడిపోవునను భయములు ఆ కాలమున అమెరికాలో పలుచోట్ల వినవచ్చినవే. విశ్వవిద్యాలయము కూలిపోలేదు. నేడు అచటి విద్యార్థులలో సుమారు సగము మంది స్త్రీలే.

ఇంతవరకు చెప్పినది విన్నవారు, ఇక స్త్రీల కళాశాలను మూసివేసి యుందురని తలంతురు. అట్లు జరుగలేదు. డగ్లస్ కళాశాల స్త్రీల కొరకే నిలిచినది. 1986లో గణితము, విజ్ఞానశాస్త్రము, ఇంజనీరింగు చదువు స్త్రీలకు చేయూత నిచ్చుటకు అచట ఒక ప్రత్యేక కార్యక్రమము నారంభించిరి. ఇంజనీరింగు తరగతులు పిస్కాటవేలోని బుష్ ప్రాంగణమున జరుగును. అచట పురుషులు ఎక్కువ, స్త్రీలు తక్కువ. పగలు ఆ తరగతులలో కూర్చుండిన ఆడపిల్లలకు, సాయంత్రము తమవంటి వారితో కూడి చదువుకొనుటకు, అనుభవము గల స్త్రీలను సలహా అడుగుటకు ఒక నీడ దొరికినది. 2007లో విశ్వవిద్యాలయము తన వేర్వేరు కళాశాలలను ఒకటిగా కలిపినప్పుడు, డగ్లస్ నివాస కళాశాలగా మారినది. కోరిన స్త్రీలు అందు చేరుదురు. తరగతులలో మాత్రము అందరితో కలసి కూర్చుందురు. చదువు అందరిది, చేయూత అక్కరగలవారిది. ఎవరి మీదను నిర్బంధము లేదు. ఈ పద్ధతి మన పెద్దలు తెలిసికొనదగినది.

దీని వెనుక చట్టము కూడ కలదు. ప్రభుత్వ ధనము పొందు విద్యాసంస్థలు స్త్రీపురుష భేదము చూపరాదని 1972లో అమెరికాలో శాసనము వచ్చినది. 1996లో వర్జీనియా రాష్ట్రపు సైనిక విద్యాలయము స్త్రీలను చేర్చుకొనకుండుట చెల్లదని అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఆ తీర్పు వ్రాసిన రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ గారు, 1963 నుండి 1972 వరకు నెవార్క్ నగరమున ఈ రట్గర్స్ వారి న్యాయ కళాశాలలోనే బోధించిన విదుషీమణి. ఐనను 2006లో అమెరికా విద్యాశాఖ, కోరినవారికి వేరు తరగతులు నడుపుకొనుటకు ప్రభుత్వ పాఠశాలలకు కొంత వెసులుబాటు నిచ్చినది. బలవంతపు విభజన వేరు, కోరి ఎన్నుకొన్న ఏర్పాటు వేరు అను వివేకము ఈ రెండింటి యందును కానవచ్చును.

వేరుగా చదివిన పిల్లలకు మార్కులు ఎక్కువ వచ్చునను మాట మనలో తరచుగా వినబడును. ఈ విషయమున పండితులు శ్రమించి పరిశోధించిరి. 2014లో అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుల పత్రికయందు, 21 దేశములకు చెందిన 184 అధ్యయనములను, 16 లక్షల మంది విద్యార్థుల వివరములను కలిపి చూచిన వ్యాసము వెలువడినది. పిల్లల ఇంటి స్థితిగతులు, ముందటి తెలివితేటలు లెక్కలోనికి తీసికొని పోల్చినచో, రెండు విధములైన బడుల నడుమ తేడా మిగులనంత స్వల్పమని అది తేల్చినది. అయితే దక్షిణ కొరియాలోని సియోల్ నగరమున విద్యార్థులను చీటీలు వేసినట్లు ఉన్నత పాఠశాలలకు పంపుదురు. అచటి లెక్కలు చూచిన వారు, వేరు బడులలోని పిల్లలకు కొంత మేలు జరిగినదని 2013లో ప్రకటించిరి. కావున వేరు బడిని నిందించుటకు మేము సిద్ధముగా లేము. మన ద్వీపమున పేరొందిన బడుల గొప్పతనము మాత్రము చాలవరకు పరీక్షలో ముందు నిలిచిన పిల్లలను ఏరి చేర్చుకొనుట వలన వచ్చినది. మేలైన విత్తనమును మేలైన నేలలో నాటి, పంట పండినది గట్టు వలననే యని చెప్పుట న్యాయము కాదు.

మార్కుల మాట అటుంచి నడవడి మాట చూతము. నిప్పు చెంత వెన్న పెట్టవచ్చునా యని పెద్దలు అందురు. మా పిల్లలు వెన్నముద్దలు కారు. బుద్ధి గలవారు, మన చేతుల మీద పెరిగినవారు. పైగా నేటి దినములలో ఫోను ప్రతి పిల్లవాని చేతిలో నున్నది. బడి గోడ ఎంత ఎత్తు కట్టినను దానిని ఆ ఫోను క్షణములో దాటును. తోటి విద్యార్థినిని లెక్క చేయుటలో, వాదించుటలో, ఆటలో ఓడించుటలో చూచిన బాలునికి ఆమె మనిషి యని తెలియును. అట్లు చూడని బాలునికి సినిమాయే గురువు, ఫోనే పుస్తకము. అందులో స్త్రీ ఒక బొమ్మ. అట్టి వాడు ఇరువదియేండ్లకు ఉద్యోగమున ఒక స్త్రీ క్రింద పని చేయవలసి వచ్చినప్పుడు తడబడును. పెండ్లి యైన పిమ్మట భార్య మాటను వినుట తక్కువతనమని తలచును. ఆడపిల్లకును ఇట్టి నష్టమే కలదు. పురుషుల నడుమ గొంతెత్తి మాటలాడుట అలవడని పిల్ల, ఎంత చదివినను సభలో వెనుక వరుసలోనే నిలుచును. మొక్కై వంగనిది మానై వంగునా?

తెలుగు రాష్ట్రములలో ఇంటర్మీడియట్ చదువు చెప్పు ప్రైవేటు వసతి కళాశాలలు అనేకము బాలురకొక ప్రాంగణము, బాలికలకొక ప్రాంగణము నడుపుచున్నవి. తెల్లవారుజామునుండి రాత్రి వరకు చదువే. పరీక్షలో ర్యాంకు వచ్చును. ఆ పిల్లలే మరుసటి ఏడు ఇంజనీరింగు కళాశాలలో ఒకే గదిలో కూర్చుందురు. మరి కొన్ని ఏండ్లకు వారిలో కొందరు పిస్కాటవేకు పోయి, దేశదేశముల స్త్రీపురుషులతో ప్రయోగశాలలో ప్రక్కప్రక్కన నిలుతురు. పదునేడేండ్ల వరకు నేర్పని మర్యాదను పదునెనిమిదవ ఏట ఎవరు నేర్పుదురు? ఈత నేర్పక బిడ్డను ఏటిలో దింపినట్లు కాదా ఇది?

ఐతే కలిపినంత మాత్రమున అంతయు చక్కబడునని మేము చెప్పుట లేదు. ఒకే గదిలో కూర్చుండబెట్టి, ఆడపిల్లను ఎగతాళి చేసిన వానిని ఉపాధ్యాయుడు మందలింపకున్నచో, ఆ గది ఆమెకు గోడ కన్న కఠినమగును. తలుపు గడియ సరిగా పడు మరుగుదొడ్డి లేని బడి, సాయంకాలము క్షేమముగా ఇల్లు చేర్చు బస్సు లేని బడి ఆడపిల్లను పిలిచినను పిలువనట్లే. తలిదండ్రుల భయములలో నిజమైనవి కొన్ని కలవు. వాటిని నవ్వి త్రోసివేయరాదు. కాని ఆ భయములకు మందు బడిని బాగుచేయుట, కుమారునకు బుద్ధి చెప్పుట. కుమార్తె చదువు మాన్పించుట మందు కాదు. తప్పు చేయునేమోనన్న అనుమానము కుమారుని మీద, శిక్ష కుమార్తెకు! ఇదేమి ధర్మము?

మన చేతిలోనున్న పనులు కొన్ని గలవు. ప్రభుత్వము ఏ పద్ధతి ఎన్నుకొన్నను వీటికి అడ్డు లేదు. మన తెలుగు తరగతులలో, రామ భజనలలో బాలబాలికలు కలసియే కూర్చుండవలెను; పద్యము చదువుటయు, ప్రశ్న అడుగుటయు ఇద్దరికిని సమముగా నేర్పవలెను. పండుగ దినమున వంటశాలలో పాత్రలు తోముట ఆడపిల్లల పని, వేదిక మీద ఉపన్యసించుట మగపిల్లల పని అను అలవాటు మానవలెను. ఇద్దరును రెండు పనులును చేయుదురుగాక. విశ్వవిద్యాలయమున చదివిన మన అక్కచెల్లెండ్రు నెలకొకసారి గుడికి వచ్చి, గణితము, విజ్ఞానశాస్త్రము చదువ గోరు బాలికలకు దారి చూపవలెను. తండ్రులు కుమారులతో, తల్లులు కుమార్తెలతో మాత్రమే గాక, తలిదండ్రులిద్దరును పిల్లలందరితోను ఈ విషయములు సిగ్గుపడక మాటలాడవలెను.

తుదకు మా మనవి ఇది. మీ కుమార్తెకు తగిన చదువు బాలికల బడిలో దొరకినచో సంతోషముగా పంపుడు. ఆ చదువు ఉభయులు చదువు చోట దొరకినచో అచటికిని అంతే సంతోషముగా పంపుడు. బడిని ఎన్నుకొనునప్పుడు అచట చదువు చెప్పువారెవరు, ప్రయోగశాల ఎట్లున్నది, బిడ్డకు గౌరవము కలదా యని విచారింపుడు. మగపిల్లలు కలరా లేరా యన్నది ఆ పిమ్మటి మాట. మన ముత్తవ్వలు చదువు లేకయే సముద్రము దాటి, పురుషులతో సమముగా కష్టించి మనకీ నేల నిచ్చిరి. వారి మునిమనుమరాలు చదువు కొరకు ఒక గది గడప దాటుటకు మనము అడ్డు నిలువరాదు.

సర్వే జనాః సుఖినో భవంతు.